చామదుంపల వేపుడు మీద వచ్చిన గొడవ

మన ఆస్టిన్ కస్టమర్లందరికీ,

పోయిన శుక్రవారం లంచ్ బాక్సులో చామదుంపల వేపుడు తిన్న కొంతమందికి గొంతు దురద పెట్టింది. నిజమే, నాక్కూడా పెట్టింది. కానీ ఆ దుంపలు మేం శాన్ మార్కోస్ నది ఒడ్డున ఊరికే పీక్కొచ్చినవని వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారు. దాని కింద నవ్వుల బొమ్మలు పెట్టినవాళ్లలో నా చేతి వంట ఏళ్ల తరబడి తింటున్నవాళ్లు కూడా ఉన్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నదికి వెళ్లిన మాట వాస్తవం. దానికి ముందు శనివారం కిచెన్ మూసేసి ఒడ్డున పెరిగిన కలుపు మొక్కలు కోయడానికి స్టాఫ్ అంతా వాలంటీర్లుగా వెళ్లాం. డెలివరీలు చూసే అబ్బాయిది శాన్ మార్కోసే, వాడు చాలాకాలంగా అడుగుతున్నాడు. అక్కడ ఫౌంటెన్ డార్టర్ అని ఒక చేప ఉంది. అంగుళం పొడవుంటే గొప్ప. శాన్ మార్కోస్, కోమల్ నదులు పుట్టేచోట, ఆ ఊటనీళ్లలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకదు. 1970లోనే అంతరించిపోయే జీవుల జాబితాలో చేర్చారు. 1956 కరువుకు కోమల్ ఊటలు ఎండిపోయి అక్కడ ఈ చేప మాయమైపోతే, తర్వాత శాన్ మార్కోస్ నుంచి తెచ్చి వదిలారు. ఇదే నదిలో ఉండే ఇంకో చిన్న చేప, శాన్ మార్కోస్ గాంబూసియా, ఇక లేదని 2023లో తేల్చేశారు.

డార్టర్ నీటి అడుగున పొట్టి మొక్కల మధ్య దాక్కుంటుంది, గుడ్లు కూడా వాటి మీదే పెడుతుంది. ఆ మొక్కలకు చోటు లేకుండా చేస్తున్న హైడ్రిల్లా, హైగ్రోఫిలా అనే నీటి మొక్కలు రెండూ మన దేశంలో మామూలుగా పెరిగేవే. అక్వేరియం వ్యాపారం పుణ్యమా అని ఇక్కడికొచ్చాయి. ఇక ఒడ్డు పొడుగునా కమ్ముకున్నది చామ. ఇక్కడివాళ్లు ఎలిఫెంట్ ఇయర్స్ అంటారు గానీ, అచ్చంగా మన చామ మొక్కే. ఒడ్డున ఉండాల్సిన అక్కడి మొక్కల్ని అది నిలవనివ్వదు. మేం కోసింది దాన్నే. పుకారుకు అదే మూలం అయిందని నాకు తెలుసు.

మేం కోసిన ప్రతి మోపూ అక్కడి ట్రక్కులోకే వెళ్లింది. ఒక్క ఆకు కూడా మా వ్యాన్ ఎక్కలేదు. ఆ నది ఒడ్డున చామకు కలుపు మందు కూడా వాడతారు. నా పిల్లలు తినేది కూడా ఆ కిచెన్‌లోని అన్నమే. అలాంటి మొక్క లోపలికి తెస్తానా?

ఇప్పుడు దుంపల సంగతి. నేనెప్పుడూ కొనేది కోడిగుడ్డంత గుండ్రటి చిన్న దుంపలు. ఆ వారం హ్యూస్టన్ హోల్‌సేల్ ఆయన మోచేతంత పొడవున్నవి పంపాడు. బస్తా విప్పగానే ఫోన్ చేశాను. "అన్నీ ఒకటేనమ్మా, వీటికి అసలు దురదుండదు" అన్నాడు. వెనక్కి పంపుదామంటే మధ్యాహ్నానికి బాక్సులు వెళ్లాలి. చింతపండు వేసి మామూలు కంటే ఎక్కువసేపే ఉడకబెట్టాను. ముక్క నోట్లో వేసుకుని చూశాకే మూకుట్లో వేశాను. అప్పుడేమీ అనిపించలేదు. సాయంత్రానికి మీ ఫోన్లు మొదలయ్యాయి. మళ్లీ ఆయనకు చేస్తే ఏమన్నాడో తెలుసా? "మీకు ఉడికించడం రాలేదేమో." పుట్టింట్లో కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నప్పట్నుంచీ చామదుంపలు ఉడికిస్తున్నదాన్ని నేను! సగం డబ్బులు వాపసిస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన దగ్గర ఇక కొత్తిమీర కట్ట కూడా కొనను.

ఆ తర్వాత నిద్ర పట్టనివ్వనిది ఒకటే. వేపుడు మెనూలోంచి తీసేయాలా, ఉంచాలా? తీసేస్తే పుకారు నిజమని ఒప్పుకున్నట్టే. ఉంచితే ఎవరూ ముట్టరు, చేసిందంతా చెత్తబుట్టకే. మా ఆయన తీసేయమన్నారు. నాలుగు నెలలు నదికి వెళ్లొద్దని, అందరూ మర్చిపోతారని కూడా అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాటే సరి. శనివారం మాకు వారం మొత్తంలో పెద్ద బేరం, ఆ ఒక్కరోజు మూస్తే కిచెన్ అద్దెకే తడుముకోవాలి. అయినా నాకు మనసొప్పలేదు. చేయని పనికి తల దించుకోలేను.

కాబట్టి వేపుడు ఉంటుంది. వేరే సప్లయర్ దగ్గర చిన్న దుంపలే తీసుకుంటున్నాను. బస్తా వచ్చిన రోజు ఫొటో గ్రూపులో పెడతాను. నది పని కూడా ఆగదు. వెళ్లే శనివారాలు ముందు వారమే చెప్తాను, ఆ రోజు బాక్సులు ఉండవు, శుక్రవారమే ఎక్కువ తీసుకోండి. దురద పెట్టినవాళ్లకు డబ్బు పూర్తిగా వాపసిస్తాను. బాక్సు ఖాళీ చేసినా సరే, నేనేమీ అడగను.

ఆ మెసేజ్ పెట్టినవారికి కూడా ఇస్తాను. అయితే వారికి ఆన్‌లైన్లో పంపను. కౌంటర్ దగ్గరికొచ్చి నన్నడిగి తీసుకోవాలి.