నీ టర్కిష్ దరఖాస్తు చదివాను

అంకారా

ఒరే చిన్నా,

మేమిక్కడ క్షేమం. స్కాలర్‌షిప్ కోసం నువ్వు రాసిన టర్కిష్ ఉత్తరం చదివాను. ప్రత్యయాలు, అచ్చుల పొందిక బాగా కుదిరాయి. చిక్కంతా మాటల ఎంపికలోనే.

"హోజమ్ యుజుందెన్" టర్కిష్ నేర్చుకున్నానని రాశావు. మా సారు వల్ల అనే కదా నీ ఉద్దేశం? మన 'వల్ల' మంచికీ చెడ్డకీ పనికొస్తుంది. వీళ్లకు అలా కుదరదు. యుజుందెన్ అంటే నింద వేసినట్టే: వాన యుజుందెన్ మ్యాచ్ ఆగింది, నీ యుజుందెన్ బస్సు తప్పింది. నీ వాక్యం చదివితే పాపం ఆ సారేదో నీ కొంప ముంచినట్టుంది! మేలు జరిగినచోట 'సాయెసిందె' రాయి. సాయె అంటే పారసీకంలో నీడ. పెద్దల చల్లని నీడన అంటామే, అలాగన్నమాట. నిందా మెప్పూ రెండూ వద్దంటే 'నెదెనియ్లె' ఉంది, కారణంగా అని.

క్రియలతోనూ ఇదే పేచీ. 'నెదెన్ ఒల్మక్', అంటే కారణమవడం, ఎక్కువగా ప్రమాదం, మరణం, నష్టం లాంటి మాటల పక్కనే కనిపిస్తుంది. ఈ చదువు నా ఎదుగుదలకు 'నెదెన్' అవుతుందన్నావు. అక్కడ 'కత్క సాలమక్' పెట్టు, తోడ్పడటమని.

హైదరాబాదు ఉర్దూని నమ్ముకుని 'గరిప్' కుటుంబం అని కూడా రాశావు. దిక్కులేని అన్న అర్థం ఆ మాటకు లేకపోలేదు గానీ, ఇవాళ చదివేవాళ్లకు మనది వింత కుటుంబం అనిపిస్తుంది. పేద అనడానికి 'ఫకిర్' తప్పు కాదు, కాకపోతే జాలి అడుక్కున్నట్టుంటుంది. 'దార్ గెలిర్లి', అంటే తక్కువ రాబడిగల, అని రాయి. 'తెక్లిఫ్' కూడా మన తక్లీఫ్ కాదు, ప్రతిపాదన.

తాతయ్య గురించి 'గెబెర్ది' ఏమిట్రా! ఏ పర్యాయపదాల పట్టికలో దొరికిందో గానీ అది కుక్కచావు మాట. 'వెఫాత్ ఎత్తి' అను. చివర నువ్వు పెట్టిన 'సెవ్గిలెరిమ్లె' అంటే ప్రేమతో అని, అధికారులకు 'సాయ్‌గలరమ్లా', గౌరవంతో అని రాయాలి.

తుర్క్ దిల్ కురుము, అంటే ఇక్కడి టర్కిష్ భాషా సంస్థ, వాళ్ల నిఘంటువు నెట్‌లో ఉచితం. అర్థం ఒక్కటే చూసి వదిలేయకు, ముందున్న గుర్తు చదువు: ఎస్కిమిష్ అంటే పాతబడింది, ఆర్గో అంటే వీధిమాట, తెక్లిఫ్సిజ్ అంటే చనువుమాట. అయితే యుజుందెన్‌లాంటి వాటి సంగతి నిఘంటువు కన్నా వాక్యాల్లోనే బాగా తెలుస్తుంది. మెర్సిన్ విశ్వవిద్యాలయంవాళ్ల జాతీయ కార్పస్‌లో, అంటే వాడుక వాక్యాలు వెతికి చూసుకునే పాఠాల సేకరణలో, సుమారు 5 కోట్ల పదాల పాఠాలున్నాయి. అనుమానమున్న మాట వెతికి, ఓ 20 వాక్యాల్లో దాని ముందూ వెనకా ఏమొస్తున్నాయో చూడు. అన్నీ కీడు మాటలైతే అది నీ ఉత్తరంలో ఉండకూడదు.

దిద్ది మళ్లీ పంపు. అమ్మకూ నాన్నగారికీ నమస్కారాలు చెప్పు.

అక్క