గల్ఫ్ వలస మీద ఏ పుస్తకం చదవాలి?

సంపాదకులకు నమస్కారం.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో వలస మీద ఒక పుస్తకం చదివి మాట్లాడుకుందామనుకునే బృందాలు ముందు పేజీలు లెక్కపెట్టుకోవాలి. నెలకోసారి కలిసేవాళ్లకు 200 పేజీలు దాటితే సగం మంది చివరిదాకా చదవరు. చర్చ పుస్తకాన్ని వదిలి ఊరి కబుర్లలోకి పోతుంది. 12 మందికి కనీసం 4 ప్రతులు ఉండాలి, మనిషికి వారం గడువు. ఒక్కటే ప్రతి ఉంటే మొదటి ఇంట్లోనే ఆగిపోతుంది.

కొనేముందు మధ్యలో ఒక పేజీ పైకి చదివి చూడండి. చదువురాని తల్లులు, భార్యలు వచ్చేది వినడానికే. నోరు తిరగని అనువాదం వాళ్లకు అక్కరకు రాదు. వెళ్లినవాడి కష్టంతోపాటు ఇక్కడ అప్పుకు మిత్తి కట్టే ఆడమనిషి కూడా ఆ పుస్తకంలో ఉండాలి. ఇది మాత్రం వదులుకోవద్దు.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుకు ఈసీఆర్ (గల్ఫ్ వంటి దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే షరతు) ఎందుకు వర్తిస్తుందో ఒక కాగితం మీద రాసి ప్రతి పుస్తకంలో పెట్టండి. కథలో 'ఆజాద్ వీసా' (ఎవరి దగ్గరైనా పనిచేసుకోవచ్చని ఏజెంట్లు చెప్పే వీసా) మాట వస్తే చదవడం ఆపి, చట్టంలో అలాంటి వీసా లేదని, ఒక యజమాని ఇచ్చిన వీసా మీద వెళ్లి మరొకరి దగ్గర పనిచేస్తే కేసవుతుందని చెప్పండి.

తిరిగొచ్చినవాళ్లను 'నీకేం జరిగింది?' అని అడగొద్దు. 'కథలో ఈ మనిషి తన పాస్‌పోర్టు ఎవరి చేతికిచ్చాడు?' అని అడగండి.

- ఒక గ్రంథాలయ పాఠకుడు, జగిత్యాల