స్కేలు ఎవరు వదిలారో కూడా రాయి

నల్లగొండ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న మీ అమ్మాయిని మహబూబ్‌నగర్‌లో కొత్తగా పెట్టిన జ్ఞాపకశక్తి తరగతుల్లో చేర్పించాలా వద్దా అని అడిగావు. నెల రోజుల్లో మెదడు వేగం రెట్టింపు అవుతుందని వారి కరపత్రంలో ఉందనీ రాశావు. వద్దని ఒక్క మాటలో చెప్పేవాడినే కానీ, ఈ మధ్య నా మీద నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను కనుక ముందు ఆ ముచ్చట విను.

దేవరకొండ రోడ్డు మీద నా బండికి అడ్డంగా మేకపిల్ల దూకిన సంగతి ఫోన్లో చెప్పాను కదా. అదీ బతికింది, నేనూ బతికాను, కానీ యాభై దగ్గర పడ్డాక చేతులు నెమ్మదించాయేమోనన్న భయం పట్టుకుంది. ఇంటికి రాగానే మావాడి 30 సెంటీమీటర్ల స్కేలు తీసుకున్నాను. ముంజేయి బల్ల అంచున ఆనించి, బొటనవేలూ చూపుడువేలూ తెరిచి, వాటి నడుమ సున్నా గీత ఉండేలా స్కేలును పైనుంచి వాడిని పట్టుకోమన్నాను. వాడు చెప్పకుండా వదలాలి, నేను పట్టాలి. భూమ్యాకర్షణ అందరికీ ఒకటే కనుక జారిన దూరాన్ని బట్టి కాలం లెక్క కట్టవచ్చు: 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సుమారు 0.20 సెకను. మొదటి రోజు నేను 24 దగ్గర పట్టాను, అంటే 0.22 సెకను. వారం తిరిగేసరికి 18కి, అంటే 0.19కి వచ్చాను. ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

ఆ సంబరాన్ని మా అమ్మాయి పోగొట్టింది. తను వదిలితే స్కేలు మళ్లీ 23కు జారింది. అప్పుడు తెలిసింది అసలు గుట్టు: మావాడు వదలబోయే ముందు కింది పెదవి బిగిస్తాడు, వారం రోజులుగా నా కళ్లు స్కేలును కాక వాడి పెదవిని చూస్తున్నాయి. నా నరాల వేగం పెరగలేదు, వాడి గుర్తు మాత్రం నాకు పట్టుబడింది. మిర్యాలగూడ పెళ్లిలో రాత్రంతా మేలుకొని వచ్చిన ఉదయమైతే స్కేలు మొత్తం వేళ్ల సందులోంచి నేల మీద పడింది. 17 నుంచి 19 గంటలు నిద్ర లేనివారి తడబాటు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి తడబాటుకు సమానంగానో అంతకు మించో ఉంటుందని 2000లో వెలువడిన ఒక పరిశోధన చెబుతుంది. నాకు ఆ రోజు నమ్మకం కుదిరింది.

పైగా ఆ 0.03 సెకను నిజంగానే దక్కిందనుకున్నా, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది అడుగు దూరం. అనుకోకుండా ఏదైనా అడ్డం వస్తే బ్రేకు పడటానికే సెకనుకు పైగా పడుతుంది, అంతలో బండి 11 మీటర్లు దాటిపోతుంది. ఊరు రాగానే వేగం తగ్గించి బ్రేకు మీద వేళ్లు ఆనించి ఉంచడం ఇంతకంటే ఎన్నో రెట్లు మేలు.

జ్ఞాపకశక్తి సంగతీ ఇలాంటిదే. అమెరికాలో ఒక విద్యార్థి 230 గంటల పాటు అంకెలు వినడం, తిరిగి అప్పజెప్పడం సాధన చేసి, 7 అంకెల నుంచి 79 అంకెల దాకా వెళ్లాడు. ఆ పరిశోధన 1980లో అచ్చయింది. అతడు పరుగు పందాల వాడు కావడంతో అంకెల గుంపులను పరుగు సమయాలుగా మార్చుకొని గుర్తుపెట్టుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు చదివితే మాత్రం ఆరు దగ్గరే ఆగిపోయాడు. ఉత్పలమాల పాదానికి 20 చొప్పున నాలుగు పాదాలకు 80 అక్షరాలు, అంటే మన అవధాని ధారణలో ఒక్క పద్యానికే దాదాపు అంత బరువు మోస్తాడు. కానీ యతిప్రాసలు, గణాలు, అర్థం ఆ అక్షరాలను కట్టి ఉంచుతాయి. అవే అక్షరాలను కలగాపులగం చేసి ఇస్తే ఆయనకూ కష్టమే. మెదడు ఆటలు అమ్మే ల్యుమోసిటీ అనే అమెరికా సంస్థ తన ప్రకటనలపై వచ్చిన ఫిర్యాదులో 2016లో 20 లక్షల డాలర్లు కట్టుకోవలసి వచ్చింది. నీ దగ్గరి కరపత్రం కూడా అదే పాట పాడుతోంది.

కాబట్టి ఆ ఫీజు డబ్బు దాచిపెట్టు. అమ్మాయిని ఏది గుర్తుండాలో దాన్నే సాధన చేయమను. చదివిన పేజీని మళ్లీ మళ్లీ చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, అదే మోసం. 2006లో అచ్చయిన ప్రయోగంలో ఐదు నిమిషాల తరువాత మళ్లీ చదివినవారే ముందున్నారు, వారం తరువాత చూస్తే పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారు ముందున్నారు. జూరాల నుంచి సాగర్ దాకా కృష్ణ మీది ప్రాజెక్టులను పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాయమను. మరునాడు ఒకసారి, మూడు రోజులు ఆగి ఒకసారి, వారానికి మరొకసారి. మరచిపోతున్న సమయంలో గింజుకొని తెచ్చుకున్నదే నిలుస్తుంది. రాత్రి రెండింటి దాకా కూర్చోనివ్వకు.

చెల్లెమ్మకు నమస్కారాలు చెప్పు. నువ్వూ ఒక స్కేలు తీసి చూడు; ఎన్ని సెంటీమీటర్ల దగ్గర పట్టావో, వదిలింది ఎవరో రెండూ రాయి.

నీ
మిత్రుడు