గ్రీసు వెళ్తే ఒక్క ఊళ్లోనే ఉండండి

సంపాదకులకు నమస్కారం.

గ్రీసు యాత్ర అనగానే పర్యాటక పేజీల్లోనూ, ప్యాకేజీల కరపత్రాల్లోనూ ఒకటే వరస: ఏథెన్స్‌లో రెండు రాత్రులు, మైకనోస్ దీవిలో రెండు, శాంటోరిని దీవిలో రెండు. పరుగులు ఇష్టమైన వాళ్ల సంగతి వేరు. విశ్రాంతి కోసం వెళ్లే నెల్లూరు, ఒంగోలు కుటుంబాలకు, అందులోనూ పెద్దవాళ్లను వెంటబెట్టుకెళ్లే వాళ్లకు ఇది తప్పుడు ఏర్పాటని గట్టిగా చెప్పాలి. ఆరు రాత్రుల్లో మూడుసార్లు పెట్టెలు సర్దాలి. జులై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. అది ముదిరితే ఓడరేవు అధికారులు ఫెర్రీలు ఆపేస్తారు. ఒక్క ఫెర్రీ ఆగిందంటే దాని వెనకున్న హోటలూ విమానమూ అన్నీ చేజారతాయి.

దీవులు వదిలేసి, బస్సు వెళ్లే సముద్రతీరపు ఊరొకటి చూసుకుని అక్కడే ఆరేడు రాత్రులు ఉండాలి. నాఫ్‌ప్లియో అందుకు చక్కగా సరిపోతుంది. ఏథెన్స్ రాజధాని కాకముందు, 1834 దాకా గ్రీసు రాజధాని ఇదే. ఏథెన్స్ విమానాశ్రయం బయట ఎక్స్93 బస్సెక్కితే గంట అటూ ఇటుగా కిఫిసోస్ బస్టాండులో దిగుతాం. అక్కడి నుంచి ఊళ్ల మధ్య తిరిగే కేటెల్ బస్సులో రెండు, రెండున్నర గంటలు. నగర బస్సు టికెట్ కొంటే చాలదు, ఎక్కగానే మిషన్‌కు చూపించాలి. మరిస్తే జరిమానా పెద్దది. పాత ఊళ్లో వీధులు చాలావరకు నడవడానికే. కొన్ని హోటళ్లు కొండవాలు మెట్ల మీద ఉంటాయి, లిఫ్ట్ ఉండదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లుంటే వీధి నుంచి గదికి ఎన్ని మెట్లో బుక్ చేసే ముందే రాసి అడగాలి. పలమీది కోటకు 999 మెట్లని ఊళ్లో చెబుతారు. అసలు లెక్క అంతకన్నా తక్కువే అయినా ఎక్కడం కష్టమే. కొండ వెనక నుంచి రోడ్డుంది, టాక్సీలో గేటు దాకా వెళ్లొచ్చు.

సముద్రం దగ్గర మనవాళ్లు పొరబడే తీరు వేరు. మైపాడులోనో కొత్తపట్నంలోనో భయపెట్టేది అల, కాళ్ల కింద ఇసుకను లాగేసే నీటి ఒరవడి. నాఫ్‌ప్లియో ఉన్న అఖాతంలో అల చిన్నది, ఆటుపోట్ల తేడా దాదాపు తెలియదు, నీళ్లలో అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. అడుగు కనిపిస్తోంది కదా, లోతు లేదనుకుంటారు. ఊరికి ఆనుకుని ఉన్న ఆర్వానిటియా బీచ్‌లో గులకరాళ్లు, సిమెంటు గట్లు. కొద్ది అడుగులకే కాలు అందదు. ఈత రానివాళ్లు, పిల్లలున్నవాళ్లు మూడు కిలోమీటర్ల అవతలున్న కరథోనాకు వెళ్లాలి. అక్కడ ఇసుక, చాలా దూరం దాకా తక్కువ లోతు. రాళ్ల సందుల్లో సీ అర్చిన్లనే నల్లటి ముళ్ల ప్రాణులుంటాయి, రబ్బరు బూట్లు లేకుండా దిగొద్దు. నూలు చుడీదారు, చీర తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. నిండుగా కప్పే నైలాన్ ఈత దుస్తులు చెన్నైలోనే కొనుక్కోవాలి. గొడుగు, వాలుకుర్చీలకు డబ్బులు అడిగితే ఇచ్చి తీరాలనేం లేదు. గ్రీసులో 2024లో వచ్చిన చట్టం ప్రకారం బీచ్‌లో కనీసం సగం ఖాళీగా వదలాలి. ఆ సగంలో తువ్వాలు పరుచుకోవచ్చు.

నెల విషయానికొస్తే సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా ఉత్తమం. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికీ వెచ్చగానే ఉంటాయి, ఎండ తగ్గుతుంది. మన ఎండాకాలం సెలవుల్లో, ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే ఊరు బాగుంటుంది గానీ సముద్రం చల్లగా ఉంటుంది. ఆగస్టు 15 వాళ్లకు మేరీమాత పండగ, గదులు దొరకవు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గదికి, రాత్రికి ప్రభుత్వ రుసుముంది: త్రీస్టార్‌లో 5 యూరోలు, ఫోర్‌స్టార్‌లో 10. బుకింగ్ ధరలో ఇది తరచుగా కలవదు. త్రీస్టార్‌లో ఆరు రాత్రులకు 30 యూరోలు హోటల్లో విడిగా అడుగుతారు. మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా ఊరు పడుకుంటుంది. ఆ వేళ మనమూ పడుకోవడమే మంచిది.

తిండికి భయం అక్కర్లేదు. ఫావా అంటే పసుపు పప్పు మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె పోసి, పైన పచ్చి ఉల్లి చల్లింది. మన ముద్దపప్పే అనుకోవచ్చు. పాలు, గుడ్లు, మాంసం లేని వంట కావాలంటే ‘నిస్టీసిమో’ అని అడగాలి. అది వాళ్ల ఉపవాసపు వంట. కానీ ఆ ఉపవాసంలో రొయ్యలూ ఆక్టోపసూ తింటారు, కాబట్టి అవీ వద్దని విడిగా చెప్పాలి. టమాటాల్లో అన్నం కూరే గెమిస్టాలో ఒక్కోచోట కీమా ఉంటుంది. చేపలు తినేవాళ్లు ఒకటి గమనించాలి: పెద్ద చేపకు మెనూలో ఉండేది కిలో ధర, ప్లేటు ధర కాదు. వండకముందే తూకం వేయించి, లెక్క కనుక్కోవాలి. పేరు పక్కన నక్షత్రం గుర్తుంటే అది తాజాది కాదు, గడ్డకట్టించి నిల్వ చేసిన సరుకు. వేయించిన నెత్తళ్లు చవక, రుచి కూడా. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, కరివేపాకు, మామిడికాయలు యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. గోంగూర పచ్చడికి అడ్డు లేదు.

ఇక వీసా. రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, 15 రోజుల ముందు గడువు ముగుస్తుంది. సెప్టెంబరు ప్రయాణానికి జూన్‌లోనే స్లాట్ పట్టుకోవాలి. బీమా కనీసం 30,000 యూరోలకు, బయల్దేరే రోజు నుంచి తిరిగొచ్చే రోజు దాకా ఉండాలి. మన దగ్గర తలనొప్పి తెచ్చేవి రెండు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో పొడి అక్షరమే ఉంటుంది. ముందుగా బ్యాంకులో మార్పించుకోవాలి. రెండోది, చెరువులో రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు లక్షల్లో ఒకేసారి ఖాతాలో పడటం. చూసేవాళ్లకు అది వీసా కోసం తెచ్చిపెట్టిన సొమ్ములా కనిపిస్తుంది. కొన్నవాళ్లిచ్చిన బిల్లు, చెరువు కాగితాలు, ఆదాయపు పన్ను రిటర్నులు జతచేసి, ఆ సొమ్ము ఎక్కడిదో ఒక పేజీలో రాసివ్వాలి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగల బుకింగులే తీసుకోవాలి.

తిరుగు విమానం తెల్లవారుజామునైతే చివరి రాత్రి ఏథెన్స్‌లో ఉండేలా చూసుకోవాలి. నాఫ్‌ప్లియో నుంచి ఆ వేళకు చేర్చే బస్సు ఉండదు.

– విదేశీ ప్రయాణాల ఏర్పాట్లు చూసే పాఠకులు, నెల్లూరు