3 ఆంప్స్ మోటారుకి అంత లావు వైరెందుకంటే

బుజ్జితల్లీ,

నువ్వు రాత్రి పంపిన మోటారు కనెక్షన్ ఫోటోని పొద్దున షాపులో కళ్లజోడు పెట్టుకుని, పెద్దది చేసి మళ్లీ చూశాను. పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌ని (కంప్యూటర్‌కి కరెంటు మార్చి ఇచ్చే డబ్బాని) 12 వోల్టుల సప్లైగా వాడుకోవడం మంచి ఆలోచనే, డబ్బులు మిగిల్చావని అమ్మ తెగ మురిసిపోయింది కూడా. కానీ 12 వోల్టులిచ్చే పసుపు వైర్లన్నీ కత్తిరించి, వాటన్నిటినీ ఒక్క సన్న వైరుకి ముడేసి టేపు చుట్టావు చూడు, అక్కడే నాకు టెన్షన్.

"మోటారు తీసుకునేది 3 ఆంప్సే కదా నాన్నా" అంటావు, తెలుసు. తిరుగుతున్నంతసేపూ నిజమే. ఏదో అడ్డుపడి ఇరుక్కుపోతే? అప్పుడది 10, 12 ఆంప్స్ లాగుతుంది. నీ డబ్బా స్టిక్కర్ మీద 12 వోల్టుల దగ్గర 18 ఆంప్స్ అని ఉంది. నేరుగా షార్టయితే అది ఆగిపోవచ్చు గానీ, 12 ఆంప్స్ దానికి మామూలు లోడే, హాయిగా ఇస్తూనే ఉంటుంది, ఈలోగా వైరు కరిగిపోతుంది. అందుకే వైరు కొనేటప్పుడు మోటారు ఎంత తీసుకుంటుందని కాదు, డబ్బా ఎంత ఇవ్వగలదని చూడాలి.

షాపు పెట్టిన కొత్తలో ట్రాక్టర్ బ్యాటరీకి బెల్లు వైరుతో బల్బు పెట్టాను, 12 వోల్టులు ఏం చేస్తాయిలే అని. షాక్ కొట్టలేదు. వైరు పైతోలు కరిగి బొటనవేలికి అంటుకుంది. ఆ మచ్చే నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి.

లెక్క చూడు. 0.5 స్క్వేర్ ఎంఎం వైరు (లోపలి రాగి అడ్డకోత వైశాల్యం అది) మీటరుకి సుమారు 0.039 ఓములు. మోటారు మీటరున్నర దూరంలో ఉంటే, పోను రాను 3 మీటర్లు (రావడాన్ని అందరూ మర్చిపోతారు). 10 ఆంప్స్ పోతే వైరులోనే 1.2 వోల్టులు, 12 వాట్లు వేడి. అదే 2.5 స్క్వేర్ ఎంఎం వేస్తే పావు వోల్టే. ఫ్యాక్టరీవాళ్లు అన్నేసి పసుపు వైర్లు పక్కపక్కనే ఎందుకిచ్చారనుకున్నావ్? ఒక్కోటీ 18 గేజి, అంటే 0.8 స్క్వేర్ ఎంఎం. గ్రాఫిక్స్ కార్డు 8 పిన్నుల కనెక్టర్‌లో 150 వాట్లని మూడు పసుపు వైర్లు పంచుకుంటాయి, తలా 4 ఆంప్స్ చొప్పున.

ఇంకోటి, గేజి నంబరు నమ్మి కొనకు. వైండింగ్‌లో మనం చెప్పేది ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ గేజి; ఎస్ఎంపీఎస్ వైరు మీద ఉండేది ఏడబ్ల్యూజీ, అంటే అమెరికన్ గేజి. మన 18 అంటే తీగ వ్యాసం 1.2 ఎంఎం, వాళ్ల 18 అంటే 1.02. స్క్వేర్ ఎంఎం చెప్పి అడుగు, గొడవుండదు. చౌకగా ఇస్తున్నాడంటే ఒక పోగు గోకి చూడు, రాగిపూత కింద తెల్లగా కనబడితే అది అల్యూమినియం, వద్దను.

పసుపు వైర్లు నాలుగు కలిపితే, కరెంటు తిరిగొచ్చే నలుపు వైర్లూ నాలుగు కలపాలి, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వెయ్యాలి, టేపు కాదు. అక్కడి నుంచి మోటారు దాకా 2.5 ఫ్లెక్సిబుల్ రాగి వైరు. పసుపు వైపు, డబ్బా దగ్గరే ఫ్యూజు పెట్టు, మోటారు దగ్గర కాదు. బైకు స్పేర్ పార్ట్స్ షాపులో బ్లేడ్ ఫ్యూజు దొరుకుతుంది, 10 ఆంప్స్‌ది ఎర్రగా ఉంటుంది. డబ్బా మూత మాత్రం విప్పకు, లోపల కెపాసిటర్లలో 300 వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు తీసినా కాసేపు అలాగే ఉంటుంది.

ఆన్ చెయ్యకముందు ఫోటో పంపు. అమ్మ సున్నుండలు కట్టింది, 2.5 వైరు మన షాపులోదే ఐదు మీటర్లు చుట్టి సున్నుండల డబ్బా కింద పెట్టాను.

నాన్న