వైండింగ్ మామ నోటుపుస్తకం

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులయ్యి బడి తెరిచేసరికి బస్టాండు పక్కన మోటారు వైండింగ్ షాపు షట్టరు దించి ఉంది. పేరు రాయకపోయినా ఆయనెవరో మీకు తెలుసు. పిల్లలందరికీ వైండింగ్ మామ. మన దగ్గర చదివిన ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పండగ ముందు రోజు నిద్రలోనే వెళ్లిపోయారు. ఈ నెల పరీక్షల సంగతులు వెనక పేజీలో ఇచ్చాను. ముందు ఆయన గురించి రాయకపోతే నాకు మనసొప్పలేదు.

ఆయన చదివింది ఐదో తరగతి. పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మొదట ఒప్పుకున్న మోటారులో కాలిన తీగంతా తెంపి పారేశారట, ఏ గాడిలో (తీగ చుట్లు కూర్చునే సందులో) ఎన్ని చుట్లున్నాయో చూసుకోకుండానే. అందాజుగా చుట్టిచ్చిన ఆ మోటారు రెండో రోజే కాలిపోయింది. రాగి తీగ ఖర్చు తనే పెట్టుకుని మళ్లీ చుట్టారు. అప్పట్నుంచి చుట్లు లెక్కపెట్టి, తీగ గేజి, అంటే మందం, రాసుకున్నాకే కత్తెర పట్టేవారు.

ఇది ఆయనే మన ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పారు. పోయినేడు మన బడి సంపు మోటారు కాలితే షాపుకు పట్టుకెళ్లకుండా వరండాలోనే విప్పి కూర్చున్నారు, పిల్లలు చూస్తారని. 24 గాడులు. ఒక్కోదాంట్లో ఇన్సులేషన్ కాగితం మడిచి పెట్టడం, తీగకు గీత పడకుండా వెదురు బద్దతో కాయిల్‌ను లోపలికి నొక్కడం, చివర్న వార్నిష్. పొలాల్లో త్రీఫేజ్ మోటార్లు ఎందుకు కాలతాయని ఒక పిల్లాడు అడిగాడు. "ముగ్గురు మోస్తున్న బరువులో ఒకడు చెయ్యి వదిలేస్తే మిగతా ఇద్దరి నడుం విరగదా? ఒక ఫేజు పోతే అంతే" అన్నారు. నేను పాతికేళ్లుగా సైన్సు చెబుతున్నాను, అంత తేలిగ్గా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

షాపులో దేవుడి పటాల పక్కన జి.డి.నాయుడు గారి ఫోటో ఉండేది. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో 1893లో పుట్టి, బడి మానేసి, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో మోటారు సైకిల్ కొని, దాన్ని ఊడదీసి బిగిస్తూ మెకానిక్ అయిన మనిషి. 1937లో డి.బాలసుందరం నాయుడు గారితో కలిసి మన దేశంలో ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. ఆ ఫోటో చూపించి, "నాకు అన్నం పెట్టిన మోటారు ఈయనది" అనేవారు మామ.

రబీలో షాపు ముందు రైతులు బారులు తీరినా, సాయంత్రం నాలుగుంబావుకు ఆయన మోపెడ్ మన గేటు దగ్గర ఉండాల్సిందే. "పిల్లల్ని ఇంట్లో దింపొస్తా" అంటే రైతులూ ఏమనేవారు కాదు. కాగితాలు కత్తిరించేదీ, లెక్కలు చూసేదీ ఆయన భార్య. సగం షాపు ఆవిడదేనని అందరి ముందూ చెప్పేవారు. ఆ పిల్లల ప్రోగ్రెస్ కార్డుల్లో తండ్రి సంతకం పక్కన ప్రతిసారీ వార్నిష్ మరక ఉండేది. ఒక్క మీటింగూ మానలేదు.

పెద్దమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చేసింది. వచ్చే నెల షాపు తెరుస్తానంది. నాన్న నోటుపుస్తకం జిరాక్సు తీయించి మన లైబ్రరీకి ఇచ్చింది. అందులో ఒక పేజీలో మన సంపు మోటారు చుట్ల లెక్క కూడా ఉంది.

ఈ శనివారం ఆ అమ్మాయే వచ్చి పిల్లల చేత పాత సామాన్లు విప్పిస్తుంది. మీ ఇంట్లో పనిచేయని టేబుల్ ఫ్యాను, మిక్సీ ఏదున్నా పంపండి. వైర్లు కత్తిరించకండి. కరెంటు పెట్టకుండానే చేయిస్తాం, నేను పక్కనే ఉంటాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు