గోల్ఫ్ చిట్కా ఏ లోపానికో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

క్రీడా పేజీల్లో గోల్ఫ్ మీద అప్పుడప్పుడు వచ్చే చిట్కాలను కొత్త ఆటగాళ్లు ఎంతో ఆశగా చదువుతారు. "తల ఎత్తకండి", "ఎడమ చేయి వంచకండి", "నెమ్మదిగా ఊపండి", "నడుము బాగా తిప్పితే ఇంకో 20 గజాలు". దాదాపు అన్నీ ఇవే. బంతి ఎటు పోతుంటే ఏ చిట్కా వాడాలో మాత్రం రాయరు. దాంతో బంతి కుడికి వంగేవారూ, ఎడమకు వంగేవారూ ఒకే సలహా పట్టుకుంటున్నారు. ఇద్దరిలో ఒకరికి ఉన్న ఆట కూడా చెడుతోంది. అమెచ్యూర్ స్వింగ్ బాగుపడాలంటే పని ఒక వరసలో జరగాలి. ముందు క్లబ్ ఫేస్ (క్లబ్ తలలో బంతికి తగిలే ముఖం), తర్వాత బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందన్నది, ఆ తర్వాత స్వింగ్ దారి, అన్నిటికన్నా చివర వేగం. అచ్చవుతున్న చిట్కాలు చాలావరకు ఆ చివరిదానితోనే మొదలుపెడుతున్నాయి.

బంతి ఫేస్‌ను అంటుకుని ఉండేది సెకనులో సుమారు 2,000వ వంతు. ఆ క్షణంలో ఫేస్ ఎటు చూస్తోందో దాదాపు అటే బంతి బయల్దేరుతుంది. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే పొడవైన క్లబ్) విషయంలో బయల్దేరే దిశను నూటికి 80 పాళ్లకు పైగా ఫేసే నిర్ణయిస్తుంది. గాలిలో బంతి ఎటు వంగుతుందన్నది ఫేస్‌కూ, క్లబ్ వస్తున్న దారికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. చాలాకాలం దీన్ని తలకిందులుగా నేర్పారు. స్వింగ్ దారే బంతిని బయల్దేరదీస్తుందని, ఫేస్ దాన్ని వంచుతుందని చెప్పేవారు. రాడార్‌తో కొలిచే లాంచ్ మానిటర్లు వచ్చాక ఆ మాట నిలవలేదు. 230 గజాల డ్రైవ్‌లో ఫేస్ ఒక్క డిగ్రీ తప్పితే బంతి 4 గజాలు పక్కకు పోతుంది. నాలుగు డిగ్రీలు తెరుచుకుంటే, అంటే కుడికి తిరిగితే, 16 గజాలు. బంతి వంగడం దీనికి అదనం.

ఎక్కువమందిని వేధించే స్లైస్, అంటే బంతి కుడికి వంగిపోవడం, ఇక్కడే పుడుతుంది. ఫేస్ తెరుచుకుని తగలడంతో బంతి కుడికి పోతుంది. నాలుగు బంతులు అలా పోయాక ఆటగాడు తనకు తెలియకుండానే ఎడమకు గురిపెడతాడు. పాదాలతోపాటు భుజాలూ ఎడమకు తిరుగుతాయి. క్లబ్ బయటినుంచి లోపలికి, అంటే ఆటగాడి వైపుకు, కోస్తూ వస్తుంది. ఫేస్ మాత్రం అలాగే తెరిచి ఉంటుంది కాబట్టి దారికీ దానికీ మధ్య తేడా పెరిగి, బంతి ఇంకా ఎక్కువగా వంగుతుంది. ఓవర్ ద టాప్ అని అందరూ తిట్టే ఆ కదలిక చాలామందిలో అసలు జబ్బు కాదు, తెరుచుకున్న ఫేస్‌కు శరీరం వెతుక్కున్న సర్దుబాటు. ఫేస్‌ను వదిలేసి దారిని మాత్రమే సరిచేస్తే బంతి నేరుగా కుడివైపు చెట్లలోకి పోతుంది. ఆటగాడు భయపడి మర్నాడే పాత స్వింగ్‌కు వెళ్లిపోతాడు.

ఫేస్ బాగుపడేది గ్రిప్‌తో, అంటే క్లబ్‌ను పట్టుకునే తీరుతో. హ్యాండిల్ ఎడమ అరచేతి మధ్యలో కాకుండా, చిటికెన వేలి మొదలు నుంచి చూపుడు వేలి మధ్య కణుపు దాకా ఏటవాలుగా, వేళ్ల మీద పడాలి. పైనుంచి చూస్తే ఎడమ చేతి కణుపులు రెండు స్పష్టంగా కనపడాలి, మూడోది తొంగిచూసినా ఫరవాలేదు. ఒక్కటే కనపడితే స్లైస్‌కు కారణం దాదాపు దొరికినట్టే. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఏర్పడే గీత రెండు చేతుల్లోనూ కుడి భుజం వైపు చూడాలి. కుడి అరచేయి ఎడమ బొటనవేలిని కప్పాలి. చిటికెన వేలిని పైన ఆనించడమా, పెనవేయడమా అన్నది చేతి పరిమాణాన్ని బట్టి ఎంచుకోవచ్చు, దానిమీద వాదన అనవసరం. వరస మాత్రం ముఖ్యం. ముందు ఫేస్‌ను గురికి సూటిగా నేలమీద ఆనించి, ఆ తర్వాతే చేతులు వేయాలి. ముందు పట్టుకుని తర్వాత మణికట్టు తిప్పి ఫేస్ సరిచేసుకుంటే, కొట్టే సమయానికి చేతులు మళ్లీ తమ స్థానానికి వచ్చేసి ఫేస్ తెరుచుకుంటుంది. బిగువు పదికి నాలుగు చాలు. హ్యాండిల్ మీది రబ్బరు గ్రిప్ అరిగి నున్నగా అయితే జారుతుంది కాబట్టి చేతులు వాటంతటవే బిగుస్తాయి. సబ్బునీళ్లతో కడిగినా పట్టు రాకపోతే మార్చేయడమే మంచిది.

గ్రిప్ తర్వాత చూడాల్సినది బ్యాక్‌స్వింగ్ (క్లబ్‌ను వెనక్కి ఎత్తడం) చివర ఎడమ మణికట్టు. అది వెనక్కి వంగి, గడియారం పెట్టుకునే చోట చర్మం ముడతలు పడితే ఫేస్ తెరుచుకున్నట్టే. మణికట్టు వెనుక భాగం ముంజేతితో సమంగా ఉండాలి. అద్దం ముందు క్లబ్‌ను పైకి తీసుకెళ్లి ఆపి చూసుకుంటే చాలు, బంతి కూడా అక్కర్లేదు. ఫోన్‌తో తీస్తే కెమెరా చేతుల ఎత్తులో, గురి గీతకు సమాంతరంగా ఉండాలి. కాస్త పక్కకు పెట్టినా స్వింగ్ దారి తప్పుగా కనపడుతుంది.

ఈ మార్పు తర్వాత కొన్నాళ్లు బంతి వంగకుండా నేరుగా ఎడమకు పోతుంది. అక్కడే చాలామంది గ్రిప్ పనిచేయలేదని వదిలేస్తారు. నిజానికి అది మంచి గుర్తు. ఫేస్ దారితో కలిసింది, దారి మాత్రం ఇంకా ఎడమకే ఉందని దాని అర్థం. దారిని సరిచేయాల్సిన సమయం ఇప్పుడు వచ్చింది.

అంతకంటే ముందు బంతి ఎక్కడ తగులుతోందో చూడాలి. పాదాలకు చల్లే పొడి స్ప్రేను డ్రైవర్ ఫేస్ మీద పలచగా కొడితే ప్రతి షాట్‌కూ గుండ్రటి మచ్చ పడుతుంది. ఇంత చవకగా ఇంత నిజం చెప్పే సాధనం ఇంకొకటి లేదు. డ్రైవర్ ఫేస్‌కు వంపు ఉంటుంది, క్లబ్ తల బరువు వెనక్కి ఉంటుంది. అందువల్ల మధ్యలో తగలకపోతే క్లబ్ తల మెలితిరిగి బంతికి వ్యతిరేక దిశలో స్పిన్ ఇస్తుంది. టో (ఫేస్ బయటి కొన) వైపు తగిలితే బంతి ఎడమకు వంగుతుంది, హీల్ (కర్ర దగ్గరి అంచు) వైపు తగిలితే కుడికి వంగుతుంది. కింద తగిలితే స్పిన్ పెరిగి, బంతి పైకి లేచి అక్కడే ఆగి పడుతుంది. కాబట్టి స్లైస్ కొడుతున్నవారి మచ్చలన్నీ హీల్ దగ్గర ఉంటే ఎంత గ్రిప్ మార్చినా ఫలితం సగమే.

దూరం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. క్లబ్ వేగం గంటకు 90 మైళ్లు అనుకుందాం. బంతి వేగాన్ని క్లబ్ వేగంతో భాగిస్తే వచ్చేదే స్మాష్ ఫ్యాక్టర్. డ్రైవర్‌కు దాని పైహద్దు సుమారు 1.5. స్మాష్ 1.38 అయితే బంతి వేగం 124 మైళ్లు, 1.46 అయితే 131. ఆ ఏడు మైళ్ల తేడా దాదాపు 14 గజాలు. కండ ఒక్క గ్రాము పెంచకుండా, ఒక్క మైలు వేగంగా ఊపకుండా వచ్చే గజాలివి.

హీల్ మీద తగలడానికి ఎక్కువసార్లు కారణం, డౌన్‌స్వింగ్‌లో (క్లబ్‌ను కిందికి దించేటప్పుడు) బరువు కాలివేళ్ల మీదకు పోయి నడుము బంతివైపు నెట్టుకురావడం. టో మీద తగులుతుంటే బంతికి మరీ దూరంగా నిలబడుతున్నారో, చేతులు లోపలికి లాక్కుంటున్నారో చూసుకోవాలి. మంచి అభ్యాసం ఒకటుంది. కావాలనే మూడు బంతులు టోతో, మూడు హీల్‌తో, మూడు మధ్యలో కొట్టాలి. తప్పును కోరి చేయగలిగినవారికే దాన్ని మానడం చేతనవుతుంది. మొదట సగం వేగంతోనే కొట్టాలి.

డ్రైవర్‌కు నిలబడే తీరు ఐరన్‌కు (పలకలాంటి లోహపు తల ఉన్న పొట్టి క్లబ్‌కు) భిన్నం. బంతి ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా, పాదాలు భుజాలకంటే కొంచెం వెడల్పుగా, వెన్ను కాస్త కుడికి వాలి, కుడి భుజం ఎడమదానికంటే కిందికి ఉండాలి. క్లబ్‌ను నేలకు ఆనించినప్పుడు బంతి సగం డ్రైవర్ తలపైన కనపడేంత టీ (బంతిని నిలిపే చిన్న మేకు) ఎత్తు చాలు. స్వింగ్ వలయంలో అతి కిందిచోటు బంతికంటే వెనకే వచ్చి, క్లబ్ రెండు మూడు డిగ్రీలు పైకి లేస్తూ బంతిని తాకాలన్నదే ఈ అమరిక ఉద్దేశం. అలా తాకితే ఎత్తు పెరుగుతుంది, స్పిన్ తగ్గుతుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. బంతిని ముందుకు పెట్టగానే చేతులు దాన్ని అందుకోవడానికి భుజాలను ఎడమకు తెరుస్తాయి. పాదాలు సరిగ్గా ఉన్నా భుజాలు తెరిచి ఉంటే స్లైస్ ఖాయం. క్లబ్‌ను రెండు భుజాలకూ అడ్డంగా ఆనించి అది ఎటు చూస్తోందో ప్రతిసారీ చూసుకోవాలి.

స్వింగ్ దారి విషయంలో మాటలకంటే చేతికి తెలిసిన పని మేలు. నీళ్ల మీద పెంకు కప్పగంతులు వేసేలా విసిరేటప్పుడు కుడి మోచేయి నడుము పక్కనుంచి ముందుకు వస్తుంది, చెయ్యి దాని వెనక వస్తుంది. డౌన్‌స్వింగ్‌లో కుడి చెయ్యి చేయాల్సిందీ అదే. బంతికి ఒక అడుగు వెనక, గురి గీతకు మూడు నాలుగు అంగుళాలు బయటగా డ్రైవర్ తొడుగును పెట్టి, 7 ఐరన్‌తో సగం స్వింగ్‌లు కొట్టాలి. క్లబ్ బయటినుంచి వస్తే తొడుగు ఎగిరిపోతుంది. అది కదలకుండా పది బంతులు కొట్టగలిగాకే పూర్తి స్వింగ్‌కూ, ఆ తర్వాత డ్రైవర్‌కూ వెళ్లాలి. డౌన్‌స్వింగ్ భుజాలతో మొదలవకూడదు. చేతులు ఇంకా పైకి పోతుండగానే బరువు ఎడమ పాదం మీదకు రావాలి. ఒళ్లు అంత తేలిగ్గా తిరగనివారు బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ లేవనివ్వడం, కుడి పాదాన్ని కాస్త బయటకు తిప్పి నిలబడటం మంచిది. నడుమును కదలకుండా బిగించి భుజాలు మాత్రమే తిప్పాలన్న సలహా నడివయసువారి వెన్నుకు చేటు.

"నెమ్మదిగా ఊపండి" అన్న మాట గురించి కూడా చెప్పాలి. మంచి ఆటగాళ్లలో బ్యాక్‌స్వింగ్‌కు పట్టే సమయం డౌన్‌స్వింగ్‌కు పట్టేదానికి సుమారు మూడు రెట్లు. ఆ నిష్పత్తి ముఖ్యం, మొత్తం వేగం కాదు. మరీ నెమ్మదిగా తీసుకెళ్లేవారు పైన ఆగిపోయి, కిందికి వచ్చేటప్పుడు భుజాలతో కుదుపు ఇస్తారు. "తల ఎత్తకండి" అన్నదీ అంతే. క్లబ్ బంతి పైభాగానికి తగలడానికి అసలు కారణం ఎక్కువగా మోచేతులు ముడుచుకోవడం, లేదా నడుము నిటారుగా లేచిపోవడం. తలను బలవంతంగా కిందికి పట్టుకుంటే ఛాతీ తిరగదు, బరువు కుడికాలి మీదే మిగులుతుంది, మళ్లీ క్లబ్ బంతి పైభాగానికే తగులుతుంది. ఎడమ చేయి నిటారుగా ఉండాలని బిగించేవారు భుజం దాకా బిగిసిపోతారు. కొద్దిగా వంగినా నష్టం లేదు.

పరికరాల మీద మాట క్లుప్తంగా. 85, 90 మైళ్ల వేగంతో ఊపేవారికి 9 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఉన్న డ్రైవర్ సాయం చేయదు. 10.5 నుంచి 12 డిగ్రీల లాఫ్ట్‌తో బంతి ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, పక్కకు వంగడమూ తగ్గుతుంది. షాఫ్ట్ (క్లబ్ కర్ర) బిగువు రెగ్యులర్ అయితే సరిపోతుంది. దుకాణాల్లో డ్రైవర్లు ఎక్కువగా 45 అంగుళాలు, ఆపైన ఉంటాయి. బంతి మధ్యలో తగలనివారు ఒక అంగుళం కింద పట్టుకుని కొట్టి, పొడి మచ్చలు దగ్గరపడతాయో లేదో చూడాలి. దగ్గరపడితే దాన్నే అలవాటు చేసుకోవచ్చు.

ప్రాక్టీస్ రేంజ్‌లో బుట్టెడు బంతులూ డ్రైవర్‌తోనే కొట్టడం వృథా. 60 బంతులుంటే మొదటి 20 సగం స్వింగ్‌లకు, 20 ఐరన్‌కు, చివరి 20 డ్రైవర్‌కు, ప్రతి బంతికీ వెనక్కి వెళ్లి కొత్తగా గురి చూసుకుని కొట్టాలి. మ్యాట్ మీద క్లబ్ బంతి వెనక నేలను తాకినా జారి బంతిని కొట్టేస్తుంది కాబట్టి తప్పు తెలియదు. వారంలో ఒకసారైనా గడ్డిమీద కొట్టి డివోట్ (క్లబ్ నేలను గీరిన గుంట) ఎక్కడ మొదలవుతోందో చూడాలి. వేగం కోసం సాధన, మచ్చలు మధ్యలోకి వచ్చాకే. బాగా ఒళ్లు వేడెక్కించుకుని, బంతి లేకుండా, ఐదేసి స్వింగ్‌లు మూడు విడతలు, వారానికి రెండుసార్లు చాలు. ఒక మైలు వేగం పెరిగితే సుమారు రెండున్నర గజాలు వస్తాయి. నడుము పట్టేస్తే అక్కడే ఆపాలి.

కోర్సులో ఉన్న రోజు స్వింగ్‌ను మరమ్మతు చేయకూడదు. స్లైస్ ఉన్నవారు టీయింగ్ ఏరియా (మొదటి షాట్ కొట్టే చోటు) కుడి చివర టీ పెట్టి ఫెయిర్‌వే (కురచగా కత్తిరించిన గడ్డి దారి) ఎడమ సగానికి గురిపెడితే బంతికి వంగే చోటు దొరుకుతుంది. బంతి టీయింగ్ ఏరియా హద్దుల లోపల ఉంటే చాలు, మనం బయట నిలబడినా నియమాలు ఒప్పుకుంటాయి. కుడివైపు అవుట్ ఆఫ్ బౌండ్స్ (కోర్సు హద్దు దాటిన చోటు) ఉంటే 3 వుడ్ (డ్రైవర్ కన్నా పొట్టి క్లబ్) తీయడం పిరికితనం కాదు. అవుట్ అయితే ఒక పెనాల్టీ స్ట్రోక్ వేసుకుని మళ్లీ అక్కడినుంచే కొట్టాలి, అంటే తర్వాతి షాట్ మూడోది.

సంపాదకులకు నా విన్నపం చిన్నదే. గోల్ఫ్ చిట్కా అచ్చువేసినప్పుడల్లా పక్కన ఒక్క వాక్యం చేర్చండి: బంతి ఎటు బయల్దేరి ఎటు వంగుతున్నవారికి ఇది, ఎవరికి కాదు. వీలైతే బంతి దారిని చూపే చిన్న గీత బొమ్మ వేయండి. ఇంకొక సంగతి. నేను పైన రాసినవన్నీ కుడిచేతివాటం వారికి, ఎడమచేతివాటం వారు దిక్కులు తిప్పుకుని చదువుకోవాలి. మీరు వేసే బొమ్మల్లోనూ వారికి చోటు ఉండటం లేదు. ఆ బొమ్మను అద్దంలో తిప్పినట్టు రెండోసారి వేస్తే వారికీ పనికొస్తుంది.

భవదీయుడు,
గోల్ఫ్ శిక్షణ ఇచ్చే ఒక పాఠకుడు